మస్తిష్క సంరక్షణము: గృహధర్మము, సంఘధర్మము

(మన పద్మశాలి సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



 ఇట్టి సభలలో నూలు ధరలను గూర్చియు, సహకార సంఘములను గూర్చియు, విద్యార్థి వేతనములను గూర్చియు పెద్దలు ప్రసంగించుట వాడుక. నేను మెదడు ఆరోగ్యమును గూర్చి మాటలాడ సాహసించితిని. నేను వైద్యుడను కాను. మగ్గపు చప్పుడులో పుట్టి, బడిపంతులుగా బ్రతికి, ఇప్పుడు విశ్రాంతి గైకొన్నవాడను. అయినను నా యింట జరిగిన యొక అపచారము నాచే ఈ విషయమును చదివించినది, వైద్యుల నడిగించినది. దానిని ముందుగా మీకు విన్నవించుట న్యాయము.

మా అన్నగారు పదునెనిమిదేండ్ల ప్రాయమున, 1966లో, భివండి పోయి ముప్పదియేడు సంవత్సరములు మరమగ్గముల కార్ఖానాలో పనిచేసిరి. 2003లో ఇల్లు చేరునప్పటికి వారికి సగము కూడ వినబడుట లేదు. మొదట మేము బిగ్గరగా మాటలాడితిమి. పిమ్మట విసుగుతో రెండవమాఱు చెప్పుట మానితిమి. తుదకు వారితో మాటలాడుటయే మానితిమి. పండుగనాడు పదిమందిమి కూర్చుండి నవ్వుకొనుచుండగా వారు గోడవైపు చూచుచుండెడివారు. కొంత కాలమునకు అడిగినమాటనే అడుగుట, ఇచ్చిన డబ్బు మఱచుట, ఎఱిగిన సందులోనే దారి తప్పుట మొదలయ్యెను. "చాదస్తము, వయసు మీదపడినది" అంటిమి. ఒక శిబిరమున రక్తపు పోటు హెచ్చుగా నున్నదని మాత్రలు వ్రాసియిచ్చిరి. రెండు నెలలు వాడి, బాధ యేమియు లేదుగదా యని వారు మానివేసిరి. ఏల మానితివని నేనడుగలేదు.

2013లో ఒకనాటి వేకువజామున, లేచి ముఖము కడుగుకొనుచుండగనే, మూతి వంకరపోయి, కుడిచేయి పడిపోయి, మాట ముద్దయయ్యెను. తెల్లవారనిమ్మంటిమి. మంచినీరు త్రాగించితిమి. ఎవరో చెప్పగా పావురపు రక్తము రుద్దించితిమి. మధ్యాహ్నము దాటిన పిదప పట్టణమున ఆసుపత్రికి చేర్చితిమి. "నాలుగున్నర గంటలలోపల తెచ్చియుండినచో" అని వైద్యుడు మొదలుపెట్టి, మా ముఖములు చూచి, ఆ వాక్యమును ముగింపలేదు. అన్నగారు ఐదేండ్లు మంచముపై నుండి, 2018లో, నా పేరైనను పలుకలేకయే కన్నుమూసిరి.

దీనిని విధి యని కొందఱు నన్ను ఓదార్చిరి. నేను ఒప్పుకొనజాలను. పోటును విడిచితిమి, చెవిని విడిచితిమి, మనిషిని ఒంటరిగా విడిచితిమి, కాలమును విడిచితిమి. ఈ నాలుగును మా యింటివారు, అందును చదువుకొన్న నేను, చేసిన తప్పులు. ఈనాటి నా ప్రసంగమునకు ఆ నాలుగే ప్రకరణములు.

మొదట మెదడును గూర్చి ఒక మాట. దాని బరువు సుమారు 1.4 కిలోలు, అనగా దేహపు బరువులో 2 పాళ్లు మాత్రమే. అయినను మనము పీల్చు ప్రాణవాయువులో 20 పాళ్లు అదియే వినియోగించుకొనును. అంత ఆకలిగల అవయవమునకు రక్తనాళములే అన్నదాతలు. నాళము చెడినచో మెదడు చెడును. పడుగులో పోగు తెగినచో మన చేతివ్రేళ్లు దానిని అతుకగలవు. మెదడులో చచ్చిన కణమును అతుకు నేర్పరి లేడు. కావున తెగకుండ కాపాడుకొనుటయే మనకు గల ఉపాయము.

పెద్దవయసున బుద్ధి క్రమముగా సడలి, నిత్యకృత్యములు సైతము చేసికొనలేని స్థితిని వైద్యులు డిమెన్షియా యందురు. జర్మను వైద్యుడు అలోయిస్ ఆల్జిమర్ 1906లో వివరించిన వ్యాధి దీనికి ముఖ్య కారణము. నాళములు పూడుట రెండవది. 2023లో ప్రకటితమైన అఖిల భారత పరిశీలన ననుసరించి, మన దేశమున అఱువది యేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, ఈ స్థితియందున్నారు. పురుషులకంటె స్త్రీలలోను, పట్టణములకంటె పల్లెలలోను ఇది హెచ్చు. కావున ఇది ధనికుల వ్యాధి యనియు, నగరముల వ్యాధి యనియు తలంచుట పొరపాటు.

అయితే నిరాశకు తావు లేదు. లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన పండితసంఘము 2024లో పదునాలుగు కారణములను లెక్కించి, వానిని తొలగించినచో లోకములోని డిమెన్షియాలో సుమారు 45 పాళ్లు రాకుండ చేయుటకో, ఆలస్యము చేయుటకో వీలు కలదని నిర్ణయించినది. బాల్యమున చదువు లేమి, వినికిడి లోపము, చెడు కొలెస్టరాలు, మనఃక్రుంగుదల, తలకు దెబ్బ, వ్యాయామము లేమి, మధుమేహము, పొగాకు, రక్తపు పోటు, స్థూలకాయము, మితిమీఱిన మద్యము, ఒంటరితనము, చెడిన గాలి, చికిత్స పొందని దృష్టిలోపము అనునవి యా పదునాలుగు. వీనిలో ఎన్ని మన మగ్గపుశాలలలోను, మన వాడలలోను, మన యిండ్లలోను ఉన్నవో మీరే లెక్కించుకొనుడు.

ఇక మొదటి ప్రకరణము రక్తపు పోటు. పోటునకు నొప్పి లేదు. అదియే దాని కపటము. 140, 90 అను అంకెలను ప్రతి గృహస్థుడును ఎఱిగియుండవలయును. పలుమాఱులు కొలిచినను పై అంకె 140గాని, క్రింది అంకె 90గాని తగ్గనిచో వైద్యుని చూడవలయును. ముప్పది యేండ్లు దాటిన ప్రతివారికిని ప్రభుత్వ ఉపకేంద్రములలో పోటును, చక్కెరను ఉచితముగ పరీక్షించు పద్ధతి కలదు. మాత్రలు మొదలిడిన పిమ్మట అంకె తగ్గుట మాత్రల గుణము. వ్యాధి పోయినదనుటకు అది గుర్తు కాదు. వైద్యుడు చెప్పక మానరాదు. 2019లో ప్రకటితమైన అమెరికా యొక్క యొక పెద్ద పరిశోధనయందు, పోటును గట్టిగా అదుపుచేసినవారికి జ్ఞాపకశక్తి తొలి సడలింపు కొంత తక్కువగా కలిగినట్లు తేలినది.

ఉప్పును గూర్చి మన సోదరీమణులకు ప్రత్యేకముగ మనవి. దినమునకు మనిషికి 5 గ్రాములు, అనగా చిన్న చెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, అప్పడము, వడియము, ఎండుచేప, వీనిలో ఎంత ఉప్పున్నదో చేసిన చేతికే తెలియును. మానుమని నేననను, ముద్దముద్దకు నంజుకొనుట తగ్గింపుడందును. చుట్టయు బీడీయు గుట్కాయు మానవలసినవే. కల్లు, సారాయి సంగతి సభలో చెప్పినచో కొందఱు నవ్వుదురు. వారి యిల్లాండ్రు నవ్వరు. మగ్గముమీద దినమంతయు కూర్చుండువారు వారమునకు 150 నిమిషములైనను చుఱుకుగా నడువవలయును. వాహనమెక్కు యువకులు శిరస్త్రాణమును చేతికి తగిలించుకొనక తలకు పెట్టుకొనవలయును.

రెండవ ప్రకరణము చెవి. ఇది మన కులవృత్తికి సంబంధించినది గాన కొంచెము విస్తరించి చెప్పుదును. చేమగ్గపు చప్పుడు చెవికి సంగీతము; మరమగ్గపు ధ్వని చెవికి విషము. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్లు మించరాదని మన దేశపు కర్మాగార నియమము. 85 దాటుటయే హానికరమని పెక్కుమంది నిపుణుల మతము. మరమగ్గపుశాలలలో ధ్వని ఈ హద్దులను మించుట సామాన్యము. పనియో పండ్రెండు గంటలు. లోపలి చెవిలో శబ్దమును గ్రహించు సూక్ష్మకణములు ఒకమాఱు నశించినచో మరల మొలవవు. ఆ లోపము మెల్లమెల్లగ వచ్చును గాన పనివాడు గుర్తింపడు.

చెవికిని బుద్ధికిని సంబంధ మేమని మీరడుగవచ్చును. వినబడనివాడు మాటను ఊహించుటకే తన బుద్ధిబలమునంతయు వ్యయము చేయును. జ్ఞాపకమునకు మిగులునది స్వల్పము. పిమ్మట నలుగురిలో కూర్చుండుట మానును. మాట తగ్గిన మెదడు, నేయుట మానిన మగ్గమువలె బిగిసిపోవును. 2023లో ప్రకటితమైన అమెరికా పరిశోధనలో 70 మొదలు 84 ఏండ్లవరకు గల 977 మందిని మూడేండ్లు చూచిరి. అందఱిని కలిపి చూచినప్పుడు వినికిడి యంత్రముల వలన భేదము కనబడలేదు. కాని గుండెజబ్బు, మధుమేహము మొదలగు అపాయకారణములు హెచ్చుగా నున్న వర్గమున, యంత్రము ధరించినవారికి బుద్ధి సడలింపు 48 పాళ్లు మందగించినది. మన పాతతరపు పనివారిలో పెక్కురు ఇట్టి వర్గమునకు చెందినవారే.

కావున పనిలో నున్నవారు చెవులకు మూతలు పెట్టుకొనవలయును. అవి పదుల రూపాయలలో దొరకును. వినబడుట తగ్గినవారు వినికిడి పరీక్ష చేయించుకొనవలయును. పేద వృద్ధులకు వినికిడి యంత్రములు, కంటి అద్దములు ఉచితముగ నిచ్చు రాష్ట్రీయ వయోశ్రీ యోజన అను కేంద్రప్రభుత్వ పథకము 2017 నుండి కలదు. యంత్రము పెట్టుకొన్నవాని నెగతాళి చేయరాదు. కంటికి అద్దము మర్యాదయైనప్పుడు చెవికి యంత్రము అవమాన మెట్లగును?

మూడవ ప్రకరణము సాంగత్యము, విద్య. ఇందు మనకు గర్వకారణమైన సంగతి యొకటి కలదు. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞానసంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి గారును, వారి సహచరులును 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిరి. ఒకే భాష మాటలాడువారికంటె రెండు లేక అంతకు మించిన భాషలు మాటలాడువారికి వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగ వచ్చినట్లు వారు కనుగొనిరి. అక్షరజ్ఞానము లేనివారిలో సైతము ఈ భేదము కనబడినది. ఇతర దేశముల పరిశోధనలన్నియు దీనిని బలపఱచినవని చెప్పజాలము. అయినను మన నేలమీద, మనవంటివారినుండి వచ్చిన ఫలితము గాన మనకు విలువైనది. షోలాపురము, భివండి, సూరతు, బొంబాయి పోయిన మనవారు ఇంట తెలుగును, వీధిని మరాఠీనో గుజరాతీనో, అంగడిలో హిందీనో మాటలాడి బ్రతికిరి. అది పేదఱికము నేర్పిన విద్య. దానిని పిల్లలు మఱవకుండ చూడుడు. అచ్చట పుట్టిన మనుమలు తాతతో తెలుగు మాటలాడినచో తాతకును మేలు, మనుమనికిని మేలు.

ఆడపిల్లల చదువు నడుమ మాన్పించు తల్లిదండ్రులకు ఒక మాట. బాల్యమున పొందిన చదువు అఱువదేండ్లు దాటిన పిమ్మట బుద్ధికి నిలువసొమ్మువలె పనికివచ్చును. మన స్త్రీలలో ఈ వ్యాధి హెచ్చుగా నుండుటకు చదువు లేమి యొక ముఖ్య కారణమని పండితులు చెప్పుచున్నారు. పిల్లను బడి మాన్పించుట, ఆమె ముసలితనపు సొమ్మును నేడే తీసికొనుట.

ఫిన్లండు దేశమున 1,260 మంది వృద్ధులతో జరిపిన ఒక పరీక్ష ఫలితములు 2015లో ప్రకటితమైనవి. మంచి ఆహారము, వ్యాయామము, బుద్ధికి అభ్యాసము, పోటు మొదలగువాని పరీక్ష, ఈ నాలుగింటిని రెండేండ్లు కలిపి ఆచరించినవారికి బుద్ధిశక్తి మెఱుగుగా నిలిచినది. ఒంటరిగా ఒక్కదానిని పట్టుకొనుటకంటె అన్నింటిని కొంచెము కొంచెముగా, నలుగురితో కలిసి చేయుట మేలని దీని సారము.

జ్ఞాపకశక్తికని అంగళ్లలో అమ్ము మందులను గూర్చి పలువురు నన్నడుగుదురు. బుద్ధి సడలకుండుటకై బీ, ఈ విటమినులను, చేపనూనె గుళికలను, మిశ్రమ మాత్రలను వాడుమని సలహా ఈయరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో చెప్పినది. దేహమున బీ-12 కొఱతయున్నట్లు రక్తపరీక్షలో తేలినవారి సంగతి వేఱు, వారికది మందే. తక్కినవారు ఆ డబ్బుతో పోటు మాత్రలు కొనుట మంచిది.

మనస్సు క్రుంగుటయు మెదడునకు సంబంధించిన వ్యాధియే. అప్పుల బాధవలన, పని లేమివలన మన నేతసోదరు లెందఱు ప్రాణములు తీసికొనిరో ఈ సభలోనివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. నిద్రపట్టక, అన్నము సహింపక, "నేనుండి యేమి లాభము" అనువానిని పిఱికివాడని నిందింపకుడు, ఒంటరిగా విడువకుడు. 2022 నుండి నడుచుచున్న టెలిమానస్ అను సహాయసంఖ్య 14416. పగలు రాత్రి యనక ఎప్పుడైనను ఉచితముగ, తెలుగులోనే మాటలాడవచ్చును.

నాలుగవ ప్రకరణము కాలము. పక్షవాతమున నాళము మూసికొనిపోయినచో నిమిషమునకు సుమారు 19 లక్షల మెదడుకణములు నశించునని 2006లో ఒక వైద్యపండితుడు లెక్కగట్టెను. గురుతులు మూడు: మూతి వంకరయగుట, చేయి పడిపోవుట, మాట తడబడుట. మూడింటిలో ఒక్కటి హఠాత్తుగ కనబడినను వెంటనే 108కి ఫోను చేయవలయును. ఆరంభమైన గంటను గుర్తుంచుకొని వైద్యునికి చెప్పవలయును. నీరుగాని, అన్నముగాని, మాత్రగాని నోట వేయరాదు; మ్రింగలేక ఊపిరితిత్తులలోనికి పోవును. సీటీ స్కాన్ గల ఆసుపత్రికే నేరుగ పోవలయును. ఏలయన, గడ్డ పూడిన పక్షవాతమును, నాళము చిట్లిన పక్షవాతమును పైకి ఒక్కటివలెనే కనబడును; చికిత్సలు పరస్పర విరుద్ధములు. గడ్డను కరగించు సూదిమందును నాలుగున్నర గంటలలోపల ఇచ్చుట సాధారణ నియమము. పెద్ద నాళములోని గడ్డను సన్నని గొట్టముతో తీయు చికిత్సను తగిన రోగులకు కొందఱికి 24 గంటలవరకును చేయవచ్చును. కావున ఆలస్యమైనదని ఇంటనే ఉంచుకొనరాదు. పావురపు రక్తము, పసరు, మంత్రము, తెల్లవారనిమ్మనుట, వీనిచే మా యింట ఏమి జరిగినదో మీరు వింటిరి.

మతిమఱపు మొదలైన పెద్దలను గూర్చి ఒక్క మాట. దానిని దాచకుడు. థైరాయిడు లోపము, బీ-12 కొఱత, మనఃక్రుంగుదల, తలకు తగిలిన పాతదెబ్బవలన చేరిన రక్తము, కొన్ని మందుల దోషము, వీనివలన కలుగు మతిమఱపు చికిత్సవలన తగ్గవచ్చును. పరీక్షింపకయే చాదస్తమనుట ద్రోహము. కుదరని వ్యాధియైనను, వారితో నెమ్మదిగ మాటలాడుట, దినచర్య మార్పకుండుట, వాదులాడకుండుట వారి బాధను తగ్గించును. సేవచేయు కోడలికో కూతురికో వారమునకు ఒక పూటయైన విశ్రాంతి నొసగుట తక్కినవారి ధర్మము. తెలివి సడలిన తండ్రిచేత పత్రములమీద వ్రేలిముద్ర వేయించుకొను కుమారులు మనలో లేరని నేను చెప్పగలిగిన బాగుండెడిది. వృద్ధుల కష్టములకు సహాయసంఖ్య 14567 కలదు.

ఇక సంఘమువారికి నా విన్నపములు. ఒకటి: ప్రతి శాఖాసంఘమున ఒక పోటుయంత్ర ముంచి, నెలకొక ఆదివారము అందఱికిని కొలిచి పుస్తకమున వ్రాయవలయును, మాత్రలు మానినవారి యింటికి పోయి అడుగవలయును. రెండు: సంవత్సరమునకొకమాఱు మరమగ్గపు వాడలలో వినికిడి శిబిరము జరిపి, చెవిమూతలు పంచవలయును. మూడు: ఆ ప్రాంతమున రాత్రింబగళ్లు సీటీ స్కాన్ గల ఆసుపత్రి ఏదో విచారించి, దాని పేరును 108 సంఖ్యను సంఘభవనపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలయును. నాలుగు: సంఘభవనమున సాయంకాలము పెద్దలు కూర్చుండి పత్రిక చదువుకొనుటకు, పులిజూదమో అష్టాచెమ్మయో ఆడుకొనుటకు ఒక గది విడువవలయును. ఐదు: విద్యార్థి వేతనములలో సగము బాలికలకు కేటాయింపవలయును.

కల్యాణమండపములు కట్టించి కీర్తిగాంచిన దాతలు ఈ వేదికపై నున్నారు. వారి ఔదార్యమునకు నా నమస్కారము. పోటుయంత్రము వెల రెండు మూడు వేల రూపాయలు మించదు. దానిమీద పేరు చెక్కుటకు చోటు తక్కువ. కాని దానివలన మంచముపట్టకుండ మిగిలిన మనిషి వీధిలో నడిచిపోవుచుండును.

సోదరులారా! నా అన్నగారికి నేను చేయవలసినది కాలము మించిపోయినది. మీ యింట గోడవైపు చూచుచు కూర్చున్నవారెవరైన ఉన్నచో వారికి కాలమింకను మిగిలియున్నది. ఈ సభనుండి ఇల్లు చేరగనే వారి దగ్గఱ కూర్చుండి, వినబడునట్లుగ ఒక్క మాట పలుకరింపుడు. ఱేపు ఉదయము పోటు కొలిపింపుడు. ఇంతకంటె నా ప్రసంగమునకు వేఱు ఫలము నే గోరను.